పన్నెండో పర్మిట్

అనుమతి లేనిదే అగ్గిపుల్ల కూడా గీయని మనిషి ఈ లోకంలో ఉన్నాడంటే అది పర్మిట్ బాబాయే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. బాబాయి అయితే ఆ నిప్పుకు కూడా దరఖాస్తు పెట్టుకుంటాడు.

పెరట్లో ఎండుటాకులు కాల్చాలంటే అగ్నిమాపక కేంద్రం నుంచి పర్మిట్ తీసుకోవాలి, ముట్టించే ముందు ఫోన్ చేయాలి, ఇరుగుపొరుగుకు ముందురోజే చెప్పాలి. అందరికీ ఇదే రూలు. అందరూ అటొక ఇంటికీ ఇటొక ఇంటికీ చెప్పి చేతులు దులుపుకుంటారు. బాబాయి మాత్రం వీధి వీధంతా తిరుగుతాడు. ఒకసారి అక్కడ ఆగిన బస్సెక్కి ప్రయాణికులకు కూడా చెప్పొచ్చాడు.

కేంద్రంలో ఫోనెత్తే గుమాస్తా అమ్మాయికి ఆయన గొంతు వింటేనే నవ్వాగదు.

"అమ్మాయ్, రేపు పొద్దున తొమ్మిదింటికి ముట్టిస్తున్నా. రాసుకున్నావా?"

"రాసుకున్నా బాబాయ్‌గారూ."

"మా ఆవిడక్కూడా నోటీసిచ్చా. సంతకం పెట్టనంటోంది."

తీరా తొమ్మిదయ్యేసరికి మళ్లీ ఫోను. "గాలి మారిందమ్మాయ్, రద్దు చేసెయ్." ఇలా ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పదకొండుసార్లు! ఆకుల కుప్ప గోడమీంచి వీధిలోకి తొంగిచూస్తోంది. చివరికి కేంద్రం అధికారికి ఒళ్లు మండి గుమాస్తా అమ్మాయిని పిలిచాడు.

"ఈ పన్నెండోది కూడా రద్దు చేస్తే ఇక ఆయనకు పర్మిట్ లేదు. కుప్పకు జరిమానా కూడా వేస్తా. నువ్వెళ్లి దగ్గరుండి కాల్పించు!"

ఆమె వెళ్లేసరికి బాబాయి యుద్ధానికి బయల్దేరినట్టున్నాడు. భుజాన తడి గోనెసంచి, నడుముకు నీళ్ల పైపు, చుట్టూ ఐదు బకెట్లు. గాలి చూడ్డానికి కర్రకు భార్య పాత చీర పీలిక కట్టాడు. అది ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతోంది.

"గాలి తూర్పుకుందమ్మాయ్. రద్దు."

"ఆకు కూడా కదలట్లేదు కదండీ!"

"కదిలిందంటే తూర్పుకే కదుల్తుంది. దాని సంగతి నాకు తెలుసు."

అంతలో తూర్పింటి కిటికీ తెరుచుకుంది. అందులోంచి సంగీతం టీచర్ తల బయటపెట్టింది. "ఇవాళైనా కాలుస్తారా లేదా? మీ నోటీసులకి పన్నెండుసార్లు ఆరేసిన బట్టలు తీశాను! నాకేం..." అంటూండగానే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కిటికీ మూసుకుంది.

"ఆవిడకి ఆయాసం," అంది బాబాయి భార్య, ఇక దాచలేక. "పొద్దున్నే ఆవిడ పాట వినబడితే ఊపిరి బాగున్నట్టు. వినబడకపోతే ఈయనకి గాలి మారినట్టు! 'మీకోసమే ఆగాం' అని చెబితే ఆవిడ ఊరుకోదు, 'నేనేం రోగిష్టిదాన్నా' అంటుంది. రెండు నెలలైంది పాట విని."

ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి నవ్వినందుకు అమ్మాయికి సిగ్గేసింది.

"కాల్చొద్దు బాబాయ్‌గారూ. గొయ్యి తవ్వి పూడ్చేయండి, ఎరువవుతుంది. పొగా ఉండదు, జరిమానా ఉండదు."

బాబాయి ఎగిరి గంతేసి పార అందుకున్నాడు. అంతలోనే ఆగిపోయాడు.

"గొయ్యికి పర్మిట్ ఎవరిస్తారమ్మాయ్?"

"అక్కర్లేదండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. "పోనీ... ఇరుగుపొరుగుకైనా చెప్పాలి కదా?"

కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

"తప్పకుండా చెప్పాలండీ. తూర్పింటి నుంచి మొదలుపెట్టండి."

నడుముకు కట్టిన పైపు విప్పడం కూడా మరిచి, దాన్ని ఈడ్చుకుంటూనే బాబాయి పరుగందుకున్నాడు.

"టీచర్‌గారూ! నోటీసండీ!"