గఫార్ తాగని మొదటి కప్పు

1948 అక్టోబరులో ఒక ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి హోటల్లో గఫార్ భాయ్ ఆ రోజు మొదటి టీ దించాడు. అక్కడ ఒక అలవాటు ఉండేది. మొదటి కప్పు టీ చేసినవాడే తాగాలి. అతను తల ఊపాకే గిరాకీలకు పోసేవాళ్ళు. ఆ రోజు గఫార్ కప్పు ముట్టలేదు.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య ముగిసి ఎక్కువ రోజులు కాలేదు; ముస్లింలను ఊరు అనుమానంగా చూస్తున్న రోజులవి.

"ఏం గఫార్, నీ చాయ్ నువ్వే తాగవా? ఏం కలిపినవ్ అందుల?" అన్నాడు నల్లకోటు గిరాకీ ఒకాయన, నవ్వుతూ. మర్నాడు అదే మాట నవ్వకుండా అన్నాడు. పన్ను పోటు, వేడి తగిలితే ఓర్చుకోలేనని గఫార్ చెప్పినా ఎవరూ నమ్మలేదు. బల్లలు ఖాళీ కావడం మొదలైంది.

"పన్ను గిన్ను నాకు ఎర్క లేదు. జుమ్మా నాడు అందరి ముంగట తాగు. లేకుంటే పొయ్యి దిక్కు రాకు" అన్నాడు హోటల్ సేట్.

నేను పక్క వీధిలోని పళ్ళ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ని. గఫార్ కింది దవడ పన్నుకు మా పెద్ద డాక్టరే అంతకుముందు వెండి ఫిల్లింగ్ వేశాడు. గఫార్‌ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పన్ను మీద తట్టి చూశాడు.

"ఫిల్లింగ్ భేషుగ్గా ఉంది. ఈ రోజుల్లో మీవాళ్ళందరికీ భయమే జబ్బు. మరీ బాధైతే పీకేస్తాను."

"భయమైతే గుండెల ఉండాలె గద డాక్టర్ సాబ్, దవడల ఎందుకుంటది?" అన్నాడు గఫార్.

పెద్ద డాక్టరు చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. భయమే జబ్బన్న ఆయన మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయనకు తెలియని విషయం కాదది. పుచ్చు లోతుగా ఉంటే అడుగున పల్ప్, అంటే పంటిలోని నరం, దగ్గరగా ఉంటుంది. వెండి వేడిని నేరుగా దానికి చేరవేస్తుంది. అందుకే మధ్యలో సిమెంటు పొర వేయాలి. దాన్నే లైనింగ్ అంటారు. ఆయన వెళ్ళాక నేను వెండి తీసి చూస్తే అడుగున ఏ పొరా లేదు. జింక్ ఆక్సైడ్ పొడిని లవంగ నూనెలో కలిపి నింపాను.

"బిర్యానీ వాసనొస్తున్నది సాబ్" అన్నాడు గఫార్, తెరిచిన నోటితోనే.

జుమ్మా నాటికి, అంటే ఆ శుక్రవారానికి, పోటు తగ్గింది. గిరాకీలందరూ చూస్తుండగా అతను కప్పెడు టీ నిలబడి తాగాడు. "శభాష్!" అన్నాడు నల్లకోటాయన. క్షమించమని ఒక్కరూ అనలేదు. నాకు సంతోషం కలగలేదు. పన్ను పోటని చెప్పినవాణ్ణి నమ్మడానికి ఊరికి అంత తతంగం కావలసి వచ్చింది. ఆ తర్వాత నేను, నొప్పి అన్నవాణ్ణి ముందు నమ్మి, తర్వాతే నోరు తెరవమంటూ వచ్చాను.

గఫార్ కప్పు తనే కడిగి బోర్లించాడు. సేట్ వైపు చూసి, "రేపటి సంది మీరే తాగి చూడుండ్రి" అన్నాడు.

పోయిన నెల గఫార్ చనిపోయాడు. ఆ పన్ను చివరిదాకా అతని నోట్లోనే ఉంది. హోటల్ ఇంకా నడుస్తోంది. అక్కడ ఇప్పుడు టీ చేసేవాడి చేత మొదటి కప్పు తాగించరు.