పసుపు అంటని కార్డు

నిన్న పక్క వీధివాళ్లు పెళ్లికి పిలవడానికి వచ్చి, నాకు బొట్టు పెట్టి కార్డు చేతికిచ్చారు. తడి పసుపు వాసన షాపంతా నిండింది. వాళ్లు వెళ్లాక చూస్తే, మండపానికి దారి చూపించే క్యూఆర్ కోడ్‌ను అచ్చేసినవాళ్లెవరో సరిగ్గా కార్డు మూలలో పెట్టారు. దాని మీద పసుపు, పసుపు మీద కుంకుమ. ఫోను ఎలా తిప్పి పెట్టినా చదవలేదు. నాకు నవ్వొచ్చింది. అంతలోనే విజయక్క గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

వాకాడులోని ఈ ప్రింటింగ్ షాపు విజయక్కది. నేను పనిలో చేరేనాటికే ఆమె మొగుణ్ణి కాదనుకుని వచ్చేసి చాలా ఏళ్లయింది. అప్పటినుంచీ అన్న ఇంటివాళ్లు ఆమెతో మాట్లాడరు. షాపు వెనక గదిలోనే వండుకుని ఒక్కతే తినేది. ఇంటికి వెళ్తే నన్నూ పలకరించేవాళ్లు లేరు గనుక, పనైపోయినా నేను కదిలేదాన్ని కాదు. ఇద్దరు ఒంటరివాళ్లు ఒకచోట కూర్చుంటే ఒంటరితనం పోతుందని ఎవరన్నారో గానీ, పోదు. కాస్త ఓర్చుకోగలుగుతాం, అంతే.

పని దగ్గర మాత్రం ఆమె నోటికి అందరూ జడిసేవాళ్లు. మా వైపు జనం ఏదైనా సరే వాట్సాప్‌లో ఫోటోగా తోసేస్తారు. కోడ్ కూడా అలా వచ్చిందంటే ఆమెకు ఒళ్లు మండేది. వాట్సాప్ ఫోటో జేపెగ్ ఫైలు, అంటే బరువు తగ్గడానికి వివరాలు పారేసుకున్న బొమ్మ, నలుపు పక్కనున్న తెలుపులోకి దిగుతుంది, నాసిరకం చీర రంగు దిగినట్టు, అనేది. పీఎన్‌జీ ఫైలు నయమే, కానీ చేసిన కొలతకు మించి సాగదీస్తే అదీ చెదురుతుంది. ఎస్‌వీజీ ఫైలయితే బొమ్మను చుక్కలతో కాదు, గీతలతో కడుతుంది. గోరంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు. కోడ్ చుట్టూ తెల్ల జాగా వదలడం, ఒక కాగితం మీద అచ్చేసి ఫోనుతో చదివించి చూడడం, ఇవన్నీ తిట్లతో కలిపి నేర్పింది.

ఒకసారి నెల్లూరు నుంచి మాకు పని పంపే ఏజెంటు ఒక పెళ్లికార్డు పంపాడు. కోడ్ మామూలుగానే మసకబారిన ఫోటో. తిట్లు మొదలవుతాయని నేను చూస్తుంటే, అక్క కార్డు చదివి ఊరుకుంది. తర్వాత ఏజెంటుకు ఫోన్ చేసి, ఫోటో వద్దు, మండపం దారి చూపించే అసలు లింకే పంపమని మెల్లగా అడిగింది. లింకు రాగానే కోడ్‌ను ఎస్‌వీజీలో కొత్తగా తయారుచేసి, మూలలోంచి తీసి వెనక అట్ట నడిమధ్యకు మార్చింది.

మూలలో ఉంటే ఏమైందని అడిగాను.

"మూలలకి పసుపు పెడతారు గదా. మా వదినది మరీ ధారాళమైన చెయ్యి. కోడ్ కనబడకుండా పూసేస్తుంది" అంది.

అది ఆమె మేనకోడలి పెళ్లి అని నాకప్పుడు తెలిసింది.

కార్డులు వెళ్లిన మర్నాటినుంచి అక్క ఎదురుచూసింది. పిలవడానికి వచ్చినవాళ్లు కూర్చోవడానికి కాగితం కట్టలు తీసి బల్ల ఖాళీ చేసింది. మంచి గ్లాసులు బయటపెట్టింది. బయట ఆటో ఆగితే తల ఎత్తేది. మేనత్తను పిలవకుండా పెళ్లి ఎలా చేస్తారని నేనూ ఆశపడ్డాను. ఎవరూ రాలేదు.

పెళ్లిరోజున అక్క పట్టుచీర కట్టుకుని షాపులో కూర్చుంది. పెట్టెలో ఉండి ముక్కిన వాసన వస్తుంటే తీసినానంది. మండపం తోటపల్లి గూడూరులో, రెండు బస్సులు మారితే చేరిపోతాం.

"మనమే పోదాం అక్కా. కార్డు మన దగ్గర ఉండాది గదా" అన్నాను.

"అచ్చేసిన కార్డు వేరు, పిలిచిన కార్డు వేరు పద్మా" అంది.

తర్వాత నమూనా కార్డు తీసి, దాని మీద ఫోను పెట్టి చూసింది. "చదువుతా ఉండాది. పిలిపించుకున్నోళ్లు ఎవురూ దారి తప్పరులే" అని మిషను ఆన్ చేసింది. ఆ రోజంతా పట్టుచీరలోనే పని చేసింది.

ఆమె పోయాక షాపు నేను నడుపుతున్నాను. కోడ్ ఫోటోగా పంపినవాళ్లను ఆమె మాటలతోనే తిడతాను, మూలలో పెట్టమంటే ఒప్పుకోను. కార్డులు కట్ట కట్టేముందు, పిలవాల్సినవాళ్లు ఇంకెవరన్నా మిగిలారేమో ఆలోచించుకోమంటాను. ఈమెకెందుకని కొందరు విసుక్కుంటారు. ఒకరిద్దరు మాత్రం ఇంకొక్క కార్డు వెయ్యమంటారు.

ఆ నమూనా కార్డు ఇంకా బల్ల అద్దం కింద ఉంది, నాలుగు మూలలూ తెల్లగా. అప్పుడప్పుడు దాని మీద ఫోను పెడతాను. ఒక్క గీత చెదరలేదు. అక్క కుర్చీ దగ్గర నుంచి మండపం గుమ్మం దాకా దారంతా చూపిస్తుంది.