పర్లాకిమిడి పెళ్లికి అనుమతి

రాజాంలో కళ్లజోళ్లు బాగుచేసే ఆయన మూడు వారాలుగా నన్ను "సోమవారం రండి" అంటున్నాడు. ఏ సోమవారమని అడిగితే నవ్వుతాడు. ఆయన్ను తిట్టే అర్హత నాకు లేదు కాబట్టి నేనూ నవ్వి వచ్చేస్తున్నాను.

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ప్రొబేషన్ అధికారిగా నాకు చీపురుపల్లి, గరివిడి వైపు కేసులు అప్పగించారు. ఈ ఉద్యోగమేమిటో చాలామందికి తెలియదు. మా మావగారు చివరిదాకా నాకింకా పర్మనెంటు కాలేదనే బాధపడ్డారు. మొదటిసారి చిన్న నేరం చేసినవాణ్ణి కోర్టు జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదులుతుంది. గడువు తీరేదాకా అతన్ని కనిపెట్టి ఉండడం మా పని. అతను నెలనెలా వచ్చి సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా జిల్లా దాటకూడదు.

గరివిడి దగ్గరి రైతు సింహాచలం గట్టు తగాదాలో పక్క చేను ఆసామిని కర్రతో కొట్టాడు. ఏడాది బాండు పడింది. ఒక్క సంతకమూ తప్పలేదు. ఎనిమిదో నెలలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పర్లాకిమిడిలో మా అప్ప కూతురి పెల్లి బాబూ. పన్నెండ్రోజులున్నాది. పిల్లకి తండ్రి లేడు. బుట్టకి ముందు సెయ్యెయ్యాల్సింది మేనమావనే గదా. రెండ్రోజులు సాలు."

పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది మేనమామ. అది నాకు తెలియని సంగతి కాదు. అయినా దరఖాస్తు రాసి, శుభలేఖ జతచేసి సోమవారం రమ్మన్నాను. తెచ్చాడు. ఒడిశా అంటే వేరే రాష్ట్రం, నాకెందుకొచ్చిన గొడవని దాన్ని 'తగు ఉత్తర్వుల కోసం' కోర్టుకు పంపాను. బాధ్యతను బరువు తెలియకుండా పక్కవాడి బల్ల మీద పెట్టడానికి మా శాఖలో ఇంతకన్నా మర్యాదైన మాట లేదు.

పెళ్లి ముందురోజు మళ్లీ వచ్చాడు. కాగితం రాలేదన్నాను. దాటి వెళ్తే బాండు రద్దవుతుందనీ అన్నాను. నిజానికి అతను చెప్పకుండా వెళ్లొస్తాడని, నేను చూడనట్టు ఊరుకుంటానని నా లెక్క. మా దగ్గర అందరూ చేసేదే అది. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు. అతను వెళ్లలేదు.

పెళ్లయిన మూడోరోజు నా కాగితం తిరిగొచ్చింది. "బాండులోని నాలుగో షరతు ప్రకారం అనుమతి ఇచ్చే అధికారం తమదే" అని ఒక్క ముక్క రాసి ఉంది. ఎనిమిది నెలలుగా ఆ బాండు నా బీరువాలోనే ఉంది. నాలుగో షరతు దాకా నేనెప్పుడూ చదవలేదు. పైవాళ్లను అడిగే ముందు చేతిలో ఉన్న కాగితం పూర్తిగా చదవాలి. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆలస్యంగా నేర్చుకున్న పాఠమిదే.

తర్వాతి నెల సంతకానికి సింహాచలంతోపాటు వాళ్లప్ప రాములమ్మ వచ్చింది. బుట్ట ఎవరు ఎత్తారని అడిగాను.

"ఎవులెత్తుతారు? కాళీగానే ఉండిపోనాది. పిల్ల నడిసెల్లి కూకున్నాది."

దాచడం బాగుండదని కోర్టువారి ముక్క చదివి వినిపించాను. సింహాచలం తల వంచుకుని సంతకం పెట్టాడు. ఆవిడ మాత్రం నా వంక చూసింది.

"మా తమ్ముడు కర్రతో కొట్టినాడని ఆడికి ఏడాది ఏసినారు. మరి మీకెంత ఏస్తారు బాబూ?"