పన్నెండు పుస్తకాల జాబితా

2023 ఆగస్టు. విజయవాడ గవర్నర్‌పేటలో, లాడ్జీలకూ మందుల హోల్‌సేల్ దుకాణాలకూ మధ్య ఇరుక్కున్న సందులో నా పుస్తకాల షాపు. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్నాను. చుట్టుపక్కల మా షాపుకి ఒక పేరుంది: పంచాంగం దొరకని షాపు. వాస్తు, జాతకం, సంఖ్యాశాస్త్రం పుస్తకాలు నేను అమ్మను. అడిగినవాళ్ళని ఊరికే పంపను కూడా. ఎందుకు అమ్మనో పది నిమిషాలు చెప్పి మరీ పంపుతాను. అలా పోగొట్టుకున్న బేరాల గురించి నాకు ఎప్పుడూ విచారం లేదు. విచారమల్లా చేసిన బేరం ఒకదాని గురించి.

సునీత గారిది పామర్రు. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పధ్నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో మొదటిసారి మా షాపుకి వచ్చినప్పుడు చేతిలో ఒక అచ్చు కాగితం ఉంది. 'వ్యాపారం, ఆర్థికశాస్త్రం నేర్చుకోవాలంటే చదవాల్సిన పన్నెండు పుస్తకాలు' అని దాని శీర్షిక. నెలకొక పుస్తకం, ఒక్కొక్కటి ఎనిమిది కాపీలు కావాలన్నారు. ఆవిడకొకటి, తోటి నర్సులు ఏడుగురికి ఏడు. మా వ్యాపారంలో దీన్ని బల్క్ ఆర్డర్ అంటాం. బల్క్ ఆర్డర్ తెచ్చినవాళ్ళని ఏ పుస్తకాల షాపువాడూ ప్రశ్నలు వెయ్యడు. కుర్చీ వేస్తాడు, తగ్గింపు ఇస్తాడు. నేనూ అదే చేశాను. నర్సులు ఆర్థికశాస్త్రం చదువుతున్నారని ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకున్నాను.

ఆ పన్నెండింటిలో తొమ్మిది నా దగ్గర ఉన్నవే. గుమ్మానికి ఎదురుగా, వచ్చినవాళ్ళ కళ్ళు ముందు పడే చోట పెట్టే డిస్‌ప్లే రాక్‌లోనే ఉన్నాయి. దాని మీద పెయింటరు చేత 'బిజినెస్ – ఎకనామిక్స్' అని రాయించాను. అందులో గిరాకీ అంటే ఏమిటో, సరఫరా అంటే ఏమిటో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. ధనవంతుడిలా ఆలోచిస్తే ధనం నడిచి వస్తుందని చెప్పేవే అన్నీ. అసలు ఎకనామిక్స్ పుస్తకాలు వెనక గదిలో, కింది అరలో, దుమ్ములో ఉండేవి.

ఆ శనివారం మధ్యాహ్నం రెండు దాటాక సునీత గారు వచ్చారు. ఆగస్టు ఉక్కలో చీర మీద నల్లకోటు వేసుకున్నారు. పన్నెండో పుస్తకం ఎనిమిది కాపీలు కట్టిస్తుంటే, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కవరు తీసి కౌంటరు మీద పెట్టారు.

"పెన్ను ఒకసారి ఇస్తారా అండీ? తేదీ వెయ్యాలి."

ఇచ్చాను. కవరులోంచి తీసి విప్పిన కాగితం తలకిందులుగా ఉన్నా మొదటి వరస చదవగలిగాను. అది రాజీనామా.

"ఉద్యోగం మానేస్తున్నారా అమ్మా? వేరే ఆసుపత్రిలో వచ్చిందా?"

"లేదండీ, ఫుల్ టైమ్ బిజినెస్. ఇవాళ నాలుగింటికి వెనక లాడ్జి హాల్లో మా మీటింగు. ఈ లెటరు స్టేజీ మీద చదివి, సాయంత్రం ఆసుపత్రిలో ఇచ్చేస్తాను."

కొంచెం కొంచెంగా అడిగితే సంగతి బయటపడింది. ఒక కంపెనీ. ప్రొటీన్ పొడి డబ్బాలు. కంపెనీ సభ్యులైనవాళ్ళకే అమ్ముతుంది, బయట అమ్ముకోవాల్సింది సభ్యులే. సభ్యులు మరికొందరిని చేర్పించాలి, వాళ్ళు ఇంకొందరిని. పై మెట్టు ఎక్కాలంటే ఉద్యోగం వదలాలి. వదిలినట్టు రుజువుగా రాజీనామా లేఖని వేదిక మీద మైకులో చదవాలి. చదవగానే హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్ల మధ్య ఆ మనిషి తెచ్చినవాళ్ళ పేర్లు పిలిచి చేర్చుకుంటారు. సునీత గారి వెనక ఏడుగురు నర్సులున్నారు. షిఫ్టులు మార్చుకుని మరీ వస్తున్నారు. పన్నెండు పుస్తకాల జాబితా ఇచ్చింది ఆ కంపెనీయే.

నాకు ఒళ్ళు మండింది. వయసులో ఉన్నప్పుడు వాదోపవాద సభల్లో మాట్లాడినవాణ్ణి. గొంతు దానంతట అదే లేచింది. ఒకడు ఆరుగురిని, ఆరుగురు ముప్పై ఆరుమందిని చేర్చుకుంటూ పోతే ఎన్ని అంచెల్లో జిల్లా జనాభా అయిపోతుందో కాగితం మీద వేసి చూపించాను. మోసం అన్నాను. చదువుకున్నవాళ్ళు కూడా ఇలా పడితే ఎలా అన్నాను.

ఆవిడ ఓపిగ్గా విని అడిగారు: "ఈ పన్నెండు పుస్తకాల్లో మీరు ఎన్ని చదివారండీ?"

"రెండు తిరగేశాను."

"నేను పన్నెండూ చదివాను, పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ. చదవనివాళ్ళు చదివినదానికి క్లాసు పీకుతున్నారు. బాగుంది." రాక్ వైపు చెయ్యి చూపించారు. "అక్కడ ఏం రాసుందండీ? ఎకనామిక్స్. మా కంపెనీ సార్ రాయించారా దాన్ని? మీరేగా. ఏడాదిపాటు డబ్బులు తీసుకుని ఇవాళ మోసమంటున్నారు."

గ్రహాలు మారితే దశ తిరుగుతుందంటే మూఢనమ్మకం అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేవాణ్ణి. ఆలోచన మారితే దశ తిరుగుతుందన్నదాన్ని నున్నటి అట్ట చూసి ఎకనామిక్స్ అని పేరు పెట్టి గుమ్మంలో నిలబెట్టాను. జాతకం అమ్మేవాడికీ నాకూ తేడా ఏమిటి? అతను కనీసం దాన్ని జాతకమనే అంటాడు.

ఆవిడ పుస్తకాల కట్ట అందుకున్నారు. అంతలో వాన దంచికొట్టింది. కోటు తడుస్తుందని గుమ్మంలోనే ఆగిపోయారు. గోడ గడియారంలో మూడుంపావు.

ఇక వాదించకూడదని అప్పుడు తెలిసింది. వెనక గదిలోకి వెళ్ళి, ఇంటర్మీడియట్ ఎకనామిక్స్ పాఠ్యపుస్తకం ఒకటి, సెకండ్ హ్యాండుది, వెతికి తెచ్చాను. డిమాండ్ అన్న పాఠం తీసి ఆవిడ ముందు పెట్టాను.

"నేనేమీ మాట్లాడనమ్మా. వాన తగ్గేదాకా ఈ నాలుగు పేజీలు చూడండి. మీరు చదివే మనిషి కాబట్టి ఇస్తున్నాను."

అయిష్టంగానే స్టూలు మీద కూర్చున్నారు. రెండో పేజీలో వేలు ఆగింది. కోరిక ఉన్నంతమాత్రాన డిమాండ్ కాదు, కొనే శక్తీ, కొనడానికి ఇష్టమూ ఉన్న మనిషి ఉండాలని అక్కడ రాసి ఉంటుంది. ఏ పిల్లవాడైనా పరీక్షకి బట్టీ పట్టే మాట. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివారు.

"అమ్మా, వార్డులో మందు ఇచ్చే ముందు మీరేం చూస్తారు?" అని మాత్రం అడిగాను.

"సరైన పేషెంటా, సరైన మందా, డోసెంత, ఏ దారిన ఇవ్వాలి, నోట్లోకా నరంలోకా, ఏ టైముకి. ముందు పేషెంటు. పేరు అడగకుండా సూది ముట్టుకోం."

"ఈ డబ్బాకి పేషెంటు ఎవరు?"

ఆవిడ పేజీ మీంచి వేలు తీశారు. "మా మంచం కింద ఇరవై రెండు డబ్బాలున్నాయి," అన్నారు. "నేనూ మా ఆయనా తాగుతున్నాం. మా పాప ముక్కు మూసుకుంటుంది."

మా షాపు పద్ధతి ఒకటి చెప్పాను. దాన్ని సేల్ ఆర్ రిటర్న్ అంటాం: అమ్ముడుపోని పుస్తకాలని ప్రచురణకర్త వెనక్కి తీసుకుంటాడు. బయట పాఠకుడు కొంటేనే అతనికీ నాకూ డబ్బు. మీ కంపెనీ వెనక్కి తీసుకుంటుందా అని అడిగాను.

"సార్‌ని అడగాలి," అన్నారు.

ఆ సారే గొడుగు వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. పేరు శ్రీనివాస్, ఆ మీటింగులు నడిపేది అతనే. మంచి మాటకారి. "మేడమ్, ఇక్కడున్నారా! హాలు నిండిపోయింది. మీ ఏడుగురూ ఫస్ట్ రోలో కూర్చున్నారు." నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "బుక్స్ సార్, మీరు మా ఫ్యామిలీయే. ప్రతి మీటింగులో మీ షాపు పేరు చెప్తాం."

సునీత గారు లేచి నిలబడ్డారు. "సార్, మెంబర్లు కానివాళ్ళు మన డబ్బా ఎవరైనా కొన్నారా?"

"అది నెగెటివ్ క్వశ్చన్ మేడమ్. ఆరో పుస్తకంలో ఏం చెప్పారు? డౌటు వచ్చిందంటే మన మైండ్‌సెట్ ఇంకా ఉద్యోగి మైండ్‌సెట్టే అని."

"డోసు ఎక్కువ రాశారేమో చూడండని నేను డాక్టరుగారిని అడుగుతాను సార్. ఆయన నన్ను నెగెటివ్ అనరు. మళ్ళీ చూసుకుంటారు."

"స్టేజీ మీద మాట్లాడుకుందాం, రండి." గొడుగు ఆవిడ మీద పట్టాడు.

ఆవిడ కవరు తీసుకుని అతని వెంట వెళ్ళిపోయారు. పుస్తకాల కట్ట మాత్రం కౌంటరు మీదే ఉండిపోయింది. నేను షట్టరు సగం దించి వెనకే వెళ్ళాను.

హాల్లో రెండొందల మంది దాకా ఉన్నారు, సగంమంది కోట్లలో. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట వాసన. సునీత గారి పేరు పిలవగానే పాట మోగింది. మైకు చేతికిచ్చారు. కవరు విప్పారు. "మెడికల్ సూపరింటెండెంట్ గారికి" అన్నదాకా చదివి ఆగిపోయారు. అందరూ ఆవిడ ఏడుస్తున్నారనుకుని ముందుగానే చప్పట్లు కొట్టారు.

"ఒక్క మాటండీ," అన్నారావిడ. "మెంబరు కానివాళ్ళకి ఈ డబ్బా అమ్మినవాళ్ళు ఒకసారి చెయ్యెత్తుతారా?"

నాలుగైదు చేతులు లేచాయి. ఒకాయన ఉత్సాహంగా, "మా అత్తగారు తీసుకున్నారండీ!" అన్నాడు.

"డబ్బులిచ్చిందా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. హాలు నవ్వింది. ఆ నవ్వుతో పాటే శ్రీనివాస్ మైకు అందుకున్నాడు. "మేడమ్ కొంచెం ఎమోషనల్ అయ్యారు, చిన్న బ్రేక్." పాట రెట్టింపు చప్పుడుతో మోగింది.

సునీత గారు ఉత్తరం మడిచి మెట్లు దిగి ముందు వరస దగ్గరికి వచ్చారు. "లేవండే. పోదాం పదండి."

నలుగురు లేచారు. ముగ్గురు లేవలేదు. వాళ్ళలో చిన్నది జ్యోతి, ఉయ్యూరు అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. తలెత్తకుండా అంది: "ఈ పుస్తకాలు చదవకపోతే ఎదగలేమని నాతో చెప్పింది నువ్వే కదక్కా. ఇప్పుడు నువ్వు భయపడితే నేనెందుకు లేవాలి?"

మర్నాటికల్లా ఆ రాక్ మీది పేరు తుడిపించి, వెనక గది పుస్తకాలు ముందుకి తెచ్చాను. వారం తర్వాత సునీత గారు వచ్చినప్పుడు, "గెలిచారమ్మా," అన్నాను.

"ఏం గెలిచానండీ? నిన్న జ్యోతి రాజీనామా ఇచ్చేసింది." పేరు తుడిచేసిన రాక్ వైపు చూశారు. "మీరు నన్ను ఓడించాలని చూసినంతసేపూ నాకు ఆ లెటరు చదివెయ్యాలనే ఉంది. మీరు ఊరుకున్నాకే ఆ పేజీ కంటికి ఆనింది. జ్యోతితో నేనూ మీలాగే అరిచాను."

రాజీనామా నోటీసు గడువు నెల రోజులూ ఆవిడ ఆ అమ్మాయి చుట్టూ తిరిగారు. లాభం లేకపోయింది.

ఏడాదిన్నర తర్వాత జ్యోతి మా షాపుకి వచ్చింది. ఇప్పుడు ఉయ్యూరులో ఒక చిన్న క్లినిక్‌లో చేస్తోంది, పాత జీతంలో సగానికి. డబ్బాలు గడువు దాటాక పారబోసిందట. ఇంటర్ ఎకనామిక్స్ పుస్తకం కావాలంది. ఇచ్చి, డబ్బు వద్దన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. నోటు కౌంటరు మీద పెట్టి అడిగింది:

"ఆ పుస్తకాల కట్టలు తీసుకెళ్ళడానికి రెండు నెలలు నేనే వచ్చానండీ, అక్కకి డ్యూటీ ఉంటే. ఇక్కడే నిలబడ్డాను. ఇవన్నీ ఎందుకమ్మా అని నన్నొక్కసారి అడగలేదేం?"

అప్పుడు కౌంటరు దగ్గర ఆ ముఖం చూసిన గుర్తు నాకు లేదు. ఆ మాటే చెప్పాను.

వ్యాపారం, ఆర్థికశాస్త్రం నేర్చుకోవడానికి మంచి పుస్తకాలు చెప్పమని ఇప్పటికీ రోజుకొకరైనా వస్తారు. పేర్లు చెప్పే ముందు మూడు సంగతులు అడుగుతాను: చదవమని ఎవరు చెప్పారు, చదివి ఏం చేయబోతున్నారు, దానికోసం ఎప్పటిలోగా ఏ కాగితం మీద సంతకం పెట్టాలి. కొందరు విసుక్కుని పక్క షాపుకి పోతారు. బల్క్ ఆర్డరైతే కుర్చీ వేసి, ఇంకొంచెం ఎక్కువసేపు అడుగుతాను.