నాలుగు సూత్‌ల బోల్టు

మొన్న జహీరాబాద్‌లో ఇనుప సామాన్ల దుకాణానికి పోయి నాలుగు సూత్‌ల బోల్టు ఇమ్మంటే, దుకాణదారు ఎన్ని ఎం.ఎం.లో చెప్పమన్నాడు. ఇంచులో ఎనిమిదో వంతు ఒక సూత్ అనీ, నాలుగు సూత్‌లంటే అర ఇంచు అనీ నేనే విడమరచి చెప్పవలసి వచ్చింది. బోల్టు దొరికింది గాని, ఇంటికి వచ్చాక కూర్చోబుద్ధి కాలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

జాగీర్లు పోయాక మాకు మిగిలింది కొంత చెరకు భూమి, నాన్నగారు బొంబాయి నుంచి తెప్పించిన ఆయిలింజను, అది తిప్పే గానుగ. చుట్టుపక్కల రైతులు చెరకు బండ్లతో మా గానుగకే వచ్చేవారు. ఎవరి వంతు ముందో, ఎవరిది వెనుకో నాన్నగారు చెప్పేవారు. మాకు మిగిలిన దొరతనం అంతే. సేర్లు పోయి కిలోలు, గజాలు పోయి మీటర్లు వచ్చిన ఆ అరవైల్లో, ఒక చలికాలం, కొట్టిన చెరకు కళ్లంలో కుప్పపడి ఉండగా, ఇంజను తలకాయను బిగించే బోల్టు విరిగింది. కొట్టిన చెరకు ఆగదు, నిలవ ఉన్నకొద్దీ రసం చెడిపోతుంది. నాన్నగారూ నేనూ ఆ పూటే జహీరాబాద్ పోయాము.

"ఇంచులు గించులు బందయినయ్ దొరా. పన్నెండు ఎం.ఎం.ది తీస్కపోండ్రి, జర్రంత సన్నం, గంతే" అన్నాడు ఆనాటి దుకాణదారు.

కంటికి పాతదీ కొత్తదీ ఒకటే. ఇంటికి తెచ్చి బిగిస్తే రెండు చుట్లు సాఫీగా దిగి, మర గాళ్ల ఎడం వేరు కావడంతో మూడో చుట్టుకు పట్టేసింది. దేన్నైనా వెక్కిరించే మా చిన్నాన్న పక్కనే నిలబడి, "గది గుడ నీ మాట ఇంటలేదే అన్నా" అని నవ్వాడు. నాన్నగారు నవ్వలేదు. పానాకు పొడుగాటి పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి తిప్పారు. బోల్టు దిగలేదు, దాన్ని పట్టుకున్న ఇంజను ఇనుము పగిలింది. ఆ ఇంజను మళ్లీ తిరగలేదు.

అంతకుముందు మా గానుగకే చెరకు తోలిన రైతు ఒకాయన ఆ ఏడే ఝరాసంగం బాటలో సొంత గానుగ పెట్టాడు. నాన్నగారు పూటంతా కళ్లంలో పచార్లు చేసి చేసి, సాయంత్రానికి అక్కడికే బండ్లు కట్టమన్నారు. ఆ రైతు ఎదురుగా ఉరికి వచ్చాడు.

"కూసోండ్రి దొరా, మీదే ముందట ఆడిస్త."

నాన్నగారు కూర్చోలేదు. తన వంతు ఎవరి వెనుకో అడిగి తెలుసుకొని, ఆఖరి బండి వెనుక నిటారుగా నిలబడ్డారు.

ఇప్పుడు మా చెరకు లారీల్లో ఫ్యాక్టరీకి పోతుంది, వంతు కోసం ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. జనం అలవాటు పడాలని సర్కారు పాత తూకాలనూ కొత్త తూకాలనూ కొన్నాళ్లు పక్కపక్కనే నడవనిచ్చింది. మావంటి ఇళ్లకు అటువంటి గడువు లేదు. బండ్ల వెనుక నిలబడ్డ ఆ ఒక్క సాయంత్రంలోనే నాన్నగారు అలవాటు పడవలసి వచ్చింది. నేను ఇప్పటికీ పడలేదు.