మొదటి చుట్టు కళ్ళకి

గత నెలలో ఒక ఆదివారం ఉదయం, ఆరాధనకు బయలుదేరుతుండగా వట్లూరు నుంచి ఫోను వచ్చింది. మా అన్నగారి కుమారుడు. "బాబాయ్, అమ్మ ఇంక లేదండి" అన్నాడు. ఆ వెంటనే, "ఇవాళ బజారుకి వెళ్ళకండి, తిన్నగా ఇంటికి వచ్చేయండి" అన్నాడు. సంచి అప్పటికే నా భుజాన ఉంది. ఆరాధన ముగియగానే వదినగారూ నేనూ ఏలూరు కూరగాయల బజారుకు వెళ్ళడం ఎంతోకాలంగా మాకున్న అలవాటు. ఆ సంచిని తిరిగి మేకుకు తగిలించడానికి నాకు చేయి రాలేదు. దానితోనే వట్లూరు వెళ్ళాను.

పత్రికలో వేయించే ప్రకటనను నన్నే రాయమన్నారు. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. శుభలేఖ మొదలు ఇంట్లో ఏ రాతపని ఉన్నా నా వద్దకే వస్తుంది. 'ప్రభువు సన్నిధికి చేరినారు' అని రాసి, మళ్ళీ చదువుకొన్నాను. కర్త ఉన్నారు, క్రియ ఉంది, దోషమేమీ లేదు. మా వదినగారు మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

వదినగారి పుట్టిల్లు తాడేపల్లిగూడెం. తండ్రిగారు అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు కుట్టేవారు. వదినగారు మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మాది పెద్ద కుటుంబం, చిన్న జీతం. మా నాన్నగారు అప్పటికే పోయారు. అన్నగారు మిల్లు నుంచి తెచ్చే జీతంతోనే అమ్మా, ఇద్దరు చెల్లెళ్ళూ, నేనూ బతకాలి. నేను హైస్కూలు చివరి తరగతిలో ఉన్నాను. ఒకనాడు మా మేనమామ వచ్చి, నన్ను కూడా చదువు మానిపించి మిల్లులో చేర్పించమని అన్నగారికి గట్టిగా చెప్పారు. అన్నగారు కాదనలేకపోయారు. వంటగది గుమ్మం దగ్గర నుంచి వదినగారి గొంతు వినిపించింది.

"ఏవండీ, అబ్బాయి చదువు ఆపకండి. ఇంట్లోకి ఏం తేవాలో, ఎంతలో తేవాలో నాకొదిలేయండి. ఆ సంచి నాకివ్వండి, చాలు."

మేనమామ నవ్వారు. "సంచి నువ్వు పట్టుకుంటే జీతం పెరుగుద్దేంటమ్మా?"

"జీతం పెరగదు మావయ్యగారూ, కూర పెరుగుద్ది. ఆదివారం భోజనానికి రండి, చూద్దురుగాని."

ఆయన వచ్చారు. కూర మారు వడ్డించుకొని తిన్నారు. మిల్లు మాట ఎత్తకుండానే వెళ్ళిపోయారు. నా చదువు నిలిచింది.

అప్పటి నుంచి వదినగారి వెంట సంచి మోసేది నేనే. వారి పద్ధతి వేరు. బజారులో అడుగుపెట్టగానే ఏదీ కొనేవారు కారు. ఖాళీ సంచితో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక చుట్టు తిరిగేవారు. ప్రతి గంప ముందూ ఆగి, చూసి, ధర అడిగి, సరేనని తల పంకించి ముందుకు సాగేవారు. "మొదటి చుట్టు కళ్ళకి, రెండో చుట్టు సంచికి" అనేవారు. ఏది మేలుగా వచ్చింది, ఏది విరివిగా వచ్చి చవకపడింది అన్నది చూసుకొని, వారం రోజుల వంటా ఆ నడకలోనే నిర్ణయించేవారు. ఇంటి దగ్గర అనుకొన్న కూరనే పట్టుబట్టి వెతికితే సంచి నిండదని వారి అభిప్రాయం.

చేపల విషయంలోనూ అంతే. కొల్లేటికోట వైపు నుంచి గంపలు తెచ్చే ఆడవాళ్ళ దగ్గర పెద్ద చేపల జోలికి పోకుండా, అడుగున మిగిలిన చిన్నచేపలు అన్నీ కలిపి తీసుకొనేవారు. అక్కడ మాత్రం బేరమాడేవారు కారు. ఎందుకని ఒకసారి అడిగాను. "బస్సు కోసం చూస్తున్న మనిషితో బేరమాడకూడదయ్యా. ఆవిడ ఒప్పుకునేది మన మాటకి కాదు, బస్సుకి" అన్నారు.

ఆ చిన్నచేపలతో పెద్ద దాకెడు పులుసు పెట్టేవారు. అన్నగారు కంచంలోకి తొంగిచూసి, "ఇవాళ మనింట్లో కొల్లేరు పొంగిందే!" అనేవారు.

"పొంగిందండి. వల వేసుకోండి, ఎక్కడో ఒక చేప తగలకపోదు" అనేవారు వదినగారు. చెల్లెళ్ళు నవ్వి నవ్వి పొలమారేవారు. మా ఇంట్లో అంత లేమి ఉండేదన్న సంగతి, ఉద్యోగం వచ్చి నా జీతంతో నేనే బజారుకు వెళ్ళిననాడు కాని నాకు పూర్తిగా తెలియలేదు.

ఆ ఉద్యోగం వచ్చిన రోజున వదినగారు వంకాయ, ఎండురొయ్యల కూర వండారు. ఇంట్లో ఏ శుభం జరిగినా అదే వండేవారు. రొయ్యలు నూనెలో వేగుతుంటే, మా ఇంట్లో ఏదో విందు జరుగుతోందని వీధి వీధంతా అనుకొనేది. "రొయ్యలు గుప్పెడైనా పర్లేదు, కాయ మాత్రం లేతది పడాలి" అనేవారు. నన్ను 'మాస్టారూ' అని, 'మీరు' అని పిలవడం కూడా ఆ రోజునే మొదలుపెట్టారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

అన్నగారు పోయాక వదినగారు వట్లూరులో కొడుకు దగ్గర ఉండేవారు. చివరి సంవత్సరాలలో మోకాళ్ళు సహకరించక, బజారు గేటు పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చొనేవారు. మొదటి చుట్టు నేను తిరిగి, చూసినదంతా వచ్చి చెప్పాలి. నిర్ణయం వారిది.

ఒకసారి నేను ఉండబట్టలేక, "వదినా, అక్కడ బోర్డు మీద తోటకూరకి దీర్ఘం పెట్టలేదండి" అన్నాను.

"ఆకు ముదిరిందా, లేతదా మాస్టారూ?"

"అది చూడలేదండి."

"మరేం చూసొచ్చారు? ఇంకో చుట్టు తిరిగి రండి."

వంకాయలమ్మే ఆవిడకు మా సంగతి బాగా తెలుసు. ఒక కాయ తీసి నా చేతిలో పెట్టి, "అమ్మగారికి చూపించుకుని రండి మాస్టారూ" అనేది. మరెవరికీ అలా ఇచ్చి పంపేది కాదు. వదినగారు ఆ కాయను అరచేతిలో ఎత్తి చూసి, తొడిమ దగ్గరి ముచ్చిక కింద బొటనవేలితో నొక్కేవారు. తల ఊపితే కొనాలి. పెదవి విరిస్తే ఆ కాయ తిరిగి గంపలోకి వెళ్ళాలి.

పోయిన ఆదివారం సాయంత్రం, వదినగారి జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకొన్నాం. వారి కోడలు ఉదయాన్నే ఫోను చేసింది. "చిన్నమావయ్యగారూ, సరుకులు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేస్తానండి. గంటలో వచ్చేస్తాయి, మీకెందుకండీ శ్రమ?" అంది. ఇంతలో మనవరాలు ఫోను లాక్కొని, "తాతయ్యా, మామ్మ చేసే వంకాయ కూర ఉండాలి. అచ్చం అలాగే ఉండాలి" అంది.

"కాయలు నేను తెస్తాను" అన్నాను. అన్నానే కాని, ఇన్నేళ్ళలో ఆ కూరకు కాయను నేను ఎంచిందే లేదు. ఆ ఒక్క పూటైనా అది వదినగారి కూరలా ఉండకపోతే, మాలో ఎవరమూ ఆ సంగతి పైకి అనము. కాని అందరికీ తెలిసిపోతుంది.

ఖాళీ సంచితో మొదటి చుట్టు తిరిగాను. వంకాయల గంప దగ్గర మనుషులు మూగి ఉన్నారు. ఆవిడ నన్ను చూసి, "ఏంటండీ, నెల్లాళ్ళ నుంచి ఇటు రావట్లేదు?" అంటూనే ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది. నేను నోరు తెరిచేలోగా వేరేవారికి చిల్లర ఇస్తూ, "అమ్మగారికి చూపించుకుని రండి" అంది.

చెప్పవలసింది. కాయ పట్టుకొని గేటు వైపు నడిచాను.

బల్ల ఖాళీగా ఉంది. వారు కూర్చొనే చోట ఎండ పడుతోంది. అలవాటుగా కాయను ముందుకు చాచబోయి ఆగాను. ముచ్చిక కింద బొటనవేలితో నొక్కి చూశాను. సన్నని ముల్లు గుచ్చుకొంది. లేతగానే ఉందనిపించింది.

"అమ్మగారు ఏవన్నారండీ మాస్టారూ?" గంప దగ్గర నుంచి ఆవిడ కేకేసింది.

ఆవిడ వైపు తిరిగి, తల ఊపాను.

ఆవిడ త్రాసు ఎత్తి, నిగనిగలాడే కాయలను ఒక్కొక్కటే ఏరి వేయసాగింది, వదినగారికి ఇచ్చినట్టే.