చిన్నమ్మ సైకిలు నేర్చిన చలికాలం

నా చిన్నప్పుడు మా వాడలో నాకు మంచి పేరుండేది. ఆ పిల్ల తప్పు చేయదు అనేవారు. పలక మీద అక్షరం వంకర పోదు, లెక్క తప్పదు, చేతిలో గిన్నె జారదు. మా ఆర్మూర్‌లో ఆ రోజుల్లో పిల్లల్ని మొహం మీద మెచ్చుకునే అలవాటు పెద్దగా లేదు. అందుకని ఆ ఒక్క మాటనే నేను కాళ్లకు పట్టీల్లా వేసుకుని తిరిగేదాన్ని. అసలు సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. తప్పు జరుగుతుందని అనుమానం ఉన్న ఏ పని దరిదాపులకూ నేను వెళ్లేదాన్ని కాదు.

జొన్నరొట్టె కొట్టమని అమ్మ పిండి ముద్ద ఇస్తే, అంచులు పగులుతాయని కడుపునొప్పి అనేదాన్ని. బతుకమ్మ ఆటలో చప్పట్లు కొట్టేదాన్ని గానీ గొంతు కలిపేదాన్ని కాదు, మధ్యలో మాట మరిచిపోతానేమోనని. బడిలో తెలిసిన జవాబు కూడా ఒకటికి రెండుసార్లు లోపల చదువుకునేదాన్ని. ఆలోపు ఇంకెవరో లేచి చెప్పేసేవారు.

ఏడో తరగతిలో అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. అక్షరం కొంచెం అటూఇటూ అయితే ఆ వాక్యమంతా కొట్టేసి మళ్లీ రాశాను. లెక్క సగంలో అనుమానం వస్తే మొదటికి వెళ్లాను. గంట కొట్టేసరికి నా కాగితంలో సగం ఖాళీ. మా పంతులు గారు కోప్పడలేదు. కాగితం తిరగేసి చూపించి, రాసినవన్నీ సరిగ్గానే ఉన్నాయనీ, రాయనివే ఎక్కువున్నాయనీ అన్నారు. ఏడో తరగతి పెద్ద పరీక్షలో ఇలాగే చేస్తే ఆ ఏడు పోతుందనీ, మా ఇంట్లో ఆడపిల్ల చదువు ఒకసారి ఆగితే మళ్లీ మొదలవడం కష్టమనీ ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా అరుగు మీద కూర్చున్నాను.

అరుగు మీద గోనెపట్టా కప్పిన సైకిలు ఒకటి ఉండేది. అది మా చిన్నాయనది. ఆయన ఆ ఏడే గల్ఫ్‌కు వెళ్లాడు. అప్పటికి మా చుట్టుపక్కల ఊళ్లలో అదొక కొత్త ముచ్చట. సైకిలును మా నాయనమ్మ రోజూ తుడిచి, మళ్లీ పట్టా కప్పేది. చిన్నాయన చేసే వ్యవసాయమంతా చిన్నమ్మ మీద పడింది. మా నాయన మార్కెట్లో పసుపు తూకం దగ్గర పనిచేసేవాడు, పొద్దున పోతే పొద్దుగూకాకే వచ్చేవాడు.

చిన్నమ్మది మెండోర దిక్కు ఊరు. గట్టిగా నవ్వేది, గట్టిగా మాట్లాడేది. మా పసుపు చేను బాల్కొండ దారిలో చాలా దూరంలో ఉండేది. బావి దగ్గర మోటారు ఉంది గానీ కరెంటు ఉన్నప్పుడే నీళ్లు. చిన్నమ్మ నడిచి నడిచి చేరేసరికి చాలాసార్లు కరెంటు పోయేది. చలికాలం మధ్యకు వచ్చింది, తవ్వకానికి ముందు ఇంకా తడులు ఇవ్వాలి. ఆకుల అంచులు ఎండడం మొదలైంది. నేను అరుగు మీద కూర్చున్న ఆ సాయంత్రమే చేను నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా సైకిలు మీద పట్టా తీసేసి, రేపటి నుంచి ఇది నేర్చుకుంటానని చెప్పింది.

నాయనమ్మ ఉలిక్కిపడింది. మా వాడలో ఆడవాళ్లు సైకిలు తొక్కడం ఎవరూ చూడలేదు. నలుగురూ నవ్వుతారని అంది. చిన్నమ్మ కాసేపు ఆలోచించినట్టే ఆలోచించి, "నవ్వనీ అత్తా. గాళ్లు నవ్వితె నా చేను ఎండుతదా?" అంది. నాయనమ్మ పట్టాను మడిచి పక్కన పెట్టింది.

వెనక పట్టుకోవడానికి మనిషి కావాలి. అరుగు మీద మొహం వేలాడేసుకుని కూర్చున్న నేను దొరికాను.

మా ఇళ్ల వెనక పసుపు ఆరబోసే కల్లం ఉండేది. తవ్వకాలు ఇంకా మొదలుకాలేదు కాబట్టి ఖాళీగా ఉంది. మరునాడు సాయంత్రం చిన్నమ్మ చీరను చేను పనికి కట్టుకున్నట్టు గోచి పోసి కట్టుకుని సైకిలెక్కింది. నేను వెనక పట్టుకున్నాను. నాలుగు మూరలు కూడా పోకుండానే సైకిలు ఒక దిక్కు పడింది, ఆమె ఒక దిక్కు పడింది.

ఏడుస్తుందనో, నన్ను తిడుతుందనో, ఇక చాలు అంటుందనో ఎదురుచూశాను. ఆమె లేచి మోచేతి మట్టి దులుపుకుంది. పడిన చోటు చూసింది, సైకిలు చూసింది. ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పాత బావిలో రాయి వేసి, ఎంత లోతుందోనని చెవి పెట్టి వినేవాళ్ల మొహంలా ఉంది.

"ఎందుకు పడ్డ బిడ్డా? నువ్వు ఎనుకకెల్లి చూస్తున్నవ్ గద, జర చెప్పు."

ఎందుకు పడ్డావు అనే మాట అంతకుముందు వందసార్లు విన్నాను. అది తిట్టేటప్పుడు అనే మాట. జవాబు కోసం ఆ మాట అడిగిన మనిషిని అదే మొదటిసారి చూడడం. ఆమె నిజంగానే నా వైపు చూస్తూ నిలబడింది. చివరికి, నువ్వు కిందికి చక్రం వైపే చూస్తున్నావు చిన్నమ్మా అన్నాను. అవునా అని ఆశ్చర్యపోయి మళ్లీ ఎక్కింది. ఈసారి ఎదురుగా చూసింది. కొంచెం ఎక్కువ దూరం పోయి పడింది.

ఆ రోజు నుంచి నాకు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది. తప్పులు పట్టడంలో నాది గద్ద చూపు. ఇన్నాళ్లూ ఆ చూపు నా మీదే పెట్టుకుని నన్ను నేను పొడుచుకునేదాన్ని. ఇప్పుడు దానికి పని దొరికింది. కుడికి తిరిగేటప్పుడు కాళ్లు ఆపుతున్నావని ఒకరోజు చెప్పాను. హ్యాండిలును కుండ అంచు పట్టుకున్నట్టు బిగించి పట్టుకుంటున్నావని ఇంకోరోజు. చిన్నమ్మ అన్నీ వినేది. నేను చెప్పింది తప్పైతే, అట్ల కాదు బిడ్డా, ఇంకేదో ఉంది అని ఇద్దరం మళ్లీ వెతికేవాళ్లం. ఒకరోజు చింతచెట్టు మొదలుకు గుద్దుకుని, మోకాలు పట్టుకుని కూడా సంబరంగా, "గిది కొత్తది. నిన్నటి తీరు పడలే" అంది. నిన్నటి తప్పే మళ్లీ వస్తే బాధపడాలి గానీ కొత్తది వచ్చిందంటే మనం అంత దూరం వచ్చినట్టే కదా అని ఆమె లెక్క.

నవ్వేవాళ్లు నవ్వారు. బీడీలు అప్పజెప్పి కార్ఖానా నుంచి చాటలు చంకన పెట్టుకుని వచ్చే ఆడవాళ్లకు కల్లం పక్కనే దారి. వాళ్లు మొదటిసారి చూసిన రోజు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే నేను సైకిలు వదిలేసి గోడ చాటుకు పారిపోయాను. పట్టుకునే మనిషి లేక చిన్నమ్మ అందరి ముందూ పడింది. అందరికంటే ముందు తనే నవ్వింది. వాళ్లలో ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చి, దెబ్బ తాకిందా బిడ్డా అని అడిగి లేవనెత్తింది. నాలుగు రోజులు పోయేసరికి వాళ్లు కావాలనే ఆగి చూడసాగారు. దూరం చూడు, భయపడకు అని దారి మీది నుంచే కేకలేసేవారు. ఒకామె, చిన్నమ్మ వయసుదే, ఎవరూ లేనప్పుడు వచ్చి సైకిలును ఒకసారి చేత్తో ముట్టుకుని వెళ్లిపోయింది. నవ్వు వెనక ఇంకేవో కూడా ఉంటాయని నాకు అప్పుడు తెలిసింది.

చిన్నమ్మ కల్లం చుట్టూ పడకుండా తిరిగిన రోజున, దిగి సైకిలు నా ముందు పెట్టింది.

"ఇగ నువ్వెక్కు."

నాకు రాదన్నాను.

"రాదని తెల్సు. వస్తె నేనెందుకు ఎక్కుమంట?"

ఇంకా కొన్నాళ్లు చూసి నేర్చుకుంటాననీ, అన్నీ అర్థమయ్యాక ఒకేసారి పడకుండా తొక్కుతాననీ చెప్పాను. ఇన్ని రోజులూ వెనక నిలబడి ప్రతి తప్పూ చూశాను కదా, ఇంకొంచెం చూస్తే చాలని నా నమ్మకం. చిన్నమ్మ నవ్వలేదు. నా పక్కన కూర్చుంది. నేను పడకుండా తను ఆపలేననీ, అబద్ధం చెప్పననీ అంది. "పడుడైతె పడ్తవ్. పడ్డంక లేపుత. గంతె."

ఎందుకో ఆ మాట నాకు ధైర్యమిచ్చింది. పడవులే అని ఉంటే నేను ఎక్కేదాన్ని కాదు. సీటు నాకు అందదు కాబట్టి కడ్డీ కింది నుంచి కాలు దూర్చి నిలబడే తొక్కాలి. చిన్నమ్మ వెనక పట్టుకుని పరుగెత్తింది, తర్వాత వదిలేసింది. గాలి మొహానికి తగిలింది. ఒక్క క్షణం సైకిలు నా మాట విన్నది, ఆ తర్వాత నేల దగ్గరికొచ్చింది.

మోకాలు చీరుకుపోయింది. మట్టి మీద పడుకునే, ఇన్నేళ్లూ నేను భయపడిన ఘోరం ఏదో ఇప్పుడు జరుగుతుందని చూశాను. ఏమీ జరగలేదు. దారిలో ఎవరో దగ్గారు. చింతచెట్టు మీద కాకి అరిచింది. చిన్నమ్మ పరుగున వస్తోంది. ఆమె దగ్గరికి చేరకముందే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ముందటి బ్రేకు పట్టిన చిన్నమ్మా, గందుకే పడ్డ."

ఆమె సగం దారిలోనే ఆగిపోయి, నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది. కన్నీళ్లు ఆ తర్వాత వచ్చాయి, అవి మోకాలి మంటకు.

వారం గడిచాక చిన్నమ్మ సైకిలు మీద మొదటిసారి చేనుకు పోయింది. సాయంత్రం ఆమె వచ్చేవరకూ నాయనమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. చిన్నమ్మ నడుము దాకా బురదతో వచ్చింది. దారిలో బర్రెలు ఎదురైతే తిప్పబోయి కాలువలో పడ్డానని, అయినా కరెంటు పోకముందే చేరానని, చేనంతా తడిసిందని చెప్పింది. కాలువలో ఎలా పడిందో అభినయించి మరీ చూపించింది. నాయనమ్మ మొదట మూతి బిగించుకుని విన్నది. బర్రె తన వైపు ఎలా చూసిందో చిన్నమ్మ చూపించేసరికి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ ఏడు పసుపు మంచిగానే తేలింది.

పెద్ద పరీక్షలో లెక్కల రోజున మూడో లెక్క దగ్గర నాకు దారి తప్పింది. పాత అలవాటు మొదటికి పొమ్మంది. నేను ఆ వరుస మీద ఒక్క గీత గీసి, ఎక్కడ తప్పానో చూసుకుని, దాని కిందే ముందుకు రాసుకుంటూ పోయాను. గంట కొట్టేసరికి కాగితం నిండిపోయి ఉంది. కొట్టివేతలతో కాకి గూడులా ఉన్నా, నిండింది. ఆ ఏడు తరగతిలో మొదటి మార్కులు నాకు రాలేదు. వాడలో వాళ్లు అయ్యో అన్నారు. నేను హైస్కూలుకు సైకిలు మీద పోయాను.

తప్పంటే భయం ఆ చలికాలంతోనే పోయిందని చెప్పను. పెళ్లయ్యాక అత్తగారింట్లో వచ్చింది, ఉద్యోగంలో చేరిన రోజున వచ్చింది. వచ్చినప్పుడల్లా దానికంటే ముందు ఇంకో మాట నా లోపలి నుంచి తొంగిచూసేది. ఎందుకైందో జర చూద్దాం అని. ఆ మాట చిన్నమ్మ గొంతుతోనే వినిపించేది. ఆమె పోయి చాలా కాలమైంది, గొంతు మాత్రం పోలేదు.

ఈమధ్య మేం ఆపా అని పిలిచే పక్కింటి అక్క దగ్గర ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటున్నాను. పుట్టినప్పటి నుంచి మాట్లాడే మాటలే, రాత మాత్రం రాదు. ఈ వయసులో ఎందుకని పిల్లలు అడిగారు. ఎలా ఉంటుందో చూద్దామని అన్నాను. మొన్న 'నా పేరు' అని రాయబోయి, పైన పెట్టాల్సిన చుక్క కింద పెట్టాను. ఆపా చదివి కళ్లజోడు తీసి నవ్వింది. 'నామ్' కాస్తా 'బామ్' అయి, పేరు మిద్దె అయిపోయిందట. నా మిద్దె అని రాసుకుని, కింద నా ఊరు కూడా రాసి, ఎంతో పొందికగా ఆమె చేతిలో పెట్టాను. ఆమె రబ్బరు అందించింది. నేను తీసుకోలేదు. ఒక్క చుక్క కిందికి దిగితే పేరు మిద్దె అయిందంటే, చుక్కలు ఇంకా ఎక్కడెక్కడ కూర్చుంటాయో, కూర్చుంటే ఏమేమవుతాయో చెప్పమని, కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.